పెద్ద కుక్కతో ప్రయాణాలకు కారు కొనేముందు

షోరూమ్‌కి టేపు పట్టుకెళ్లండి. ఒప్పుకుంటే కుక్కనే తీసుకెళ్లండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటివి 30 కిలోలు దాటొచ్చు. లోపల నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్లు చాపి పడుకోగలగాలి.

• సెడాన్ (డిక్కీ విడిగా మూసి ఉండే కారు) డిక్కీలో కుక్కను ఎక్కించే ఆలోచనే వద్దు, గాలాడదు. వెనక సీట్లు చదునుగా మడిచే ఎస్‌యూవీలు, ఎమ్‌పీవీలు (ఎక్కువమంది పట్టే పెద్ద ఫ్యామిలీ కార్లు) చూడండి.

• సీఎన్‌జీ అయితే సిలిండర్ వెనక ఎంత చోటు తింటుందో చూసుకోండి.

• ఏసీ గాలి వెనకదాకా రావాలి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా నాలుక చాచి రొప్పుతూ చల్లబడతాయి. మే ఎండల్లో విజయవాడ హైవే మీద వెనక కూర్చున్న కుక్క ఆగకుండా రొప్పుతోందంటే ఆ గాలి చాలట్లేదన్నమాట.

• ఎస్‌యూవీ వెనక డిక్కీ అంచు ఎత్తుగా ఉంటే ముసలి కుక్క దూకలేదు, ర్యాంప్ కావాలి.

• హార్నెస్‌ను (కుక్క ఛాతీ చుట్టూ తొడిగే పట్టీని) సీటు బెల్టుకు తగిలించి చూడండి. మెడపట్టీకి మాత్రం కట్టొద్దు.