బోర్డులో మనవాళ్లు: దక్షిణాసియా స్త్రీల సహాయ సంస్థలకు ఒక మార్గదర్శిని

అమెరికాలో గృహహింసను ఎదుర్కొంటున్న దక్షిణాసియా స్త్రీల కోసం 1985లో న్యూజెర్సీలో ‘మానవి’, 1989లో న్యూయార్క్‌లో ‘సఖి’ ఏర్పడ్డాయి. వాటిని స్థాపించినవారూ దక్షిణాసియా స్త్రీలే. కట్నం, అత్తవారి ఒత్తిడి, భర్త వీసాతో ముడిపడిన నివాసం వంటివాటిని మొదటినుంచీ విడమరచి చెప్పనక్కర లేకుండా మాట్లాడగలగడం సహాయం కోరి వచ్చే స్త్రీకి పెద్ద ఊరట. అటువంటి స్వచ్ఛంద సంస్థను స్థాపించదలచిన తెలుగువారు సహాయం చేసేవారికీ పొందేవారికీ మధ్య ఈ పోలికను ఎక్కడ కోరుకోవాలో, ఎక్కడ అదుపులో పెట్టాలో ముందే తేల్చుకోవాలి.

మొదట, నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి. ఫోను ఎత్తేవారూ దుబాసీలూ మాత్రమే బాధితుల సమాజంవారై, బడ్జెట్టూ నియమాలూ ఇతరులు నిర్ణయిస్తుంటే ప్రయోజనం తక్కువ. 1994లో వచ్చిన చట్టం ప్రకారం, హింసకు గురైన స్త్రీ భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే ఆమె అతని ప్రమేయం లేకుండానే శాశ్వత నివాసం కోసం పిటిషన్ వేయవచ్చు. హెచ్‌-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవాని భార్యకు, అంటే హెచ్‌-4 వీసా మీద ఉన్న స్త్రీకి, ఆ దారి లేదు, విడిగా పని అనుమతి కోరే వీలు మాత్రం ఉంది. హెచ్‌-4 వీసా మీద బతికిన స్త్రీ సంస్థ బోర్డులో (పాలకవర్గంలో) ఉంటే, వలస న్యాయవాది ఫీజుకు డబ్బు ఎందుకు కేటాయించాలో ఆమెకు ఎవరూ నచ్చజెప్పనక్కర లేదు. దాతల ఫారంలో బోర్డు సభ్యుల జాతి కింద ‘ఏషియన్’ అన్న గడి నిండినంత మాత్రాన ఆ అనుభవం బోర్డులోకి రాదు.

సిబ్బందిని తీసుకునేటప్పుడు, 15 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు, ఉద్యోగాల్లో జాతి, లింగ వివక్షను నిషేధించే 1964 నాటి పౌరహక్కుల చట్టం వర్తిస్తుందని గుర్తుంచుకోండి. జాతిని అర్హతగా పెట్టడానికి అందులో మినహాయింపే లేదు, స్త్రీలే కావాలనడానికి ఉన్నది చాలా ఇరుకైనది. కనుక ప్రకటనలో తెలుగు, హిందీ, బెంగాలీ వంటి భాషల్లో ప్రావీణ్యాన్నీ, వలస కుటుంబాలతో పనిచేసిన అనుభవాన్నీ కోరండి.

అసలు చిక్కు తరువాత మొదలవుతుంది. ఒక నగరంలోని తెలుగు కుటుంబాలు గుడిలోనో, సంఘం ఉత్సవాల్లోనో, పుట్టినరోజు పార్టీల్లోనో కలుస్తూనే ఉంటాయి. తన కథ భర్త స్నేహితుల చెవిన పడుతుందన్న భయంతో తెలుగు కార్యకర్తే వద్దనే స్త్రీలు ఉంటారు, వారి భయం అన్యాయమైనది కాదు. పైగా మనలో ఇంటిపేరు వినగానే కులం లెక్క కట్టేవారికి కొదవ లేదు. అందుచేత మొదటి ఫోనులోనే, ఇంటిపేరు అడగకముందే, తన భాషవారు కావాలో వేరొకరు కావాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. బోర్డు సభ్యులకు కేసుల సంఖ్యలు తప్ప పేర్లు అందకూడదు. పైన చెప్పిన 1994 నాటి చట్టం కింద నిధులు తీసుకునే సంస్థలు బాధితురాలి వివరాలను ఆమె రాతపూర్వకమైన, గడువున్న సమ్మతి లేకుండా వెల్లడించకూడదు. నిధులు తీసుకోకపోయినా అదే నియమం పెట్టుకోవడం మేలు. నిందితుడు పెద్ద దాతకు బంధువైన రోజున ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు వచ్చాక మొహమాటమే నిర్ణయం తీసుకుంటుంది.

ఇరవై ఏళ్ల కిందట పౌరసత్వం పొందిన వైద్యురాలికీ, నిరుడు చిన్న ఊరి నుంచి వచ్చిన కోడలికీ జాతీ లింగమూ ఒకటే అయినా స్థితి ఒకటి కాదు. గతంలో సహాయం పొందిన స్త్రీలను, వారు కోలుకుని తమంతట తాము ఇష్టపడినప్పుడు, ఓటు హక్కుతో బోర్డులోకి తీసుకోండి. వారి రాకపోకల ఖర్చును సంస్థే భరించాలి. కేసు ముగిసిన ప్రతి స్త్రీనీ, ఆమెతో పనిచేయని మరొకరి చేత, ఎక్కడ మాట్లాడలేకపోయారో అడిగించండి. ఆ జవాబులను పేర్లు తీసేసి ప్రతి బోర్డు సమావేశంలో బడ్జెట్టు చర్చకు ముందు చదవండి.