తల వెంట్రుకతో గాలిలోని తేమను కొలవడం ఎలా?

విశాఖపట్నంలో దువ్విన కాసేపటికే జుట్టు ఉబ్బిపోవడానికి కారణమైన గుణాన్నే వాడుకుని ఇంట్లో తేమమాపకం తయారు చేసుకోవచ్చు. జెనీవాకు చెందిన శాస్త్రవేత్త సోస్యూర్ 1783లోనే ఈ పద్ధతిని వివరించారు.

వెంట్రుక ప్రధానంగా కెరాటిన్ అనే ప్రోటీన్. దాని పైపొరైన క్యూటికల్‌లో పొలుసులు పెంకుటింటి కప్పులా ఒకదానిపై ఒకటి కొసవైపు వాలి ఉంటాయి. అందుకే వేళ్ల మధ్య పట్టుకుని మొదలు నుంచి కొసకు దూస్తే నున్నగానూ, కొస నుంచి మొదలుకు దూస్తే గరుకుగానూ తగులుతుంది. లోపలి కార్టెక్స్‌లో కెరాటిన్ పోగులు నిలువుగా పేర్చి ఉంటాయి. నీటి ఆవిరి చేరినప్పుడు వాటి మధ్యనున్న హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, గంధకపు బంధాలు మాత్రం చెక్కుచెదరవు. పూర్తిగా తడిసిన వెంట్రుక మందం 15 శాతం దాకా పెరిగినా, పొడవు సుమారు 2 శాతమే పెరుగుతుంది. ఈ స్వల్ప మార్పును కంటికి కనిపించేలా పెద్దది చేయాలి.

ముందుగా రంగు వేయని, స్ట్రెయిటెనింగ్ చేయించని, కనీసం 20 సెంటీమీటర్ల వెంట్రుకను ఎంచుకోండి. దువ్వెనకు చుట్టుకున్నదైనా ఫరవాలేదు. కొబ్బరినూనె ఆవిరి రాకపోకలకు అడ్డుపడుతుంది కనుక షాంపూతో కడిగి, సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి.

తర్వాత పాత శుభలేఖ అట్ట నుంచి 15 సెంటీమీటర్ల సన్నని ముల్లు కత్తిరించి, దాని ఒక చివరను గుండుసూదితో నిలువు చెక్కకు వదులుగా గుచ్చండి. సూదికి అర సెంటీమీటరు దూరంలో వెంట్రుక ఒక కొసను ముల్లుకు అతికించి, రెండో కొసను ముల్లు దాదాపు అడ్డంగా నిలిచేలా చెక్క పైభాగాన అతికించండి. ముల్లు బరువే వెంట్రుకను బిగువుగా ఉంచుతుంది. ఇంకా బరువు కడితే వెంట్రుక క్రమంగా సాగిపోయి కొలత చెడుతుంది. గాలిలో తేమ పెరిగినప్పుడు వెంట్రుక పొడవు పెరిగి ముల్లు కొస కిందికి దిగుతుంది.

గుర్తులు పెట్టడంలోనే అసలు ఓపిక కావాలి. పరికరాన్ని తడిగుడ్డతో పాటు పెద్ద ప్లాస్టిక్ సంచిలో మూసి, ముల్లు కదలడం ఆగిన చోట 100 అని గీయండి. తర్వాత గుడ్డ తీసేసి, పలుకులు పూర్తిగా కరగకుండా కొద్ది నీటితో తడిపిన ఉప్పు గిన్నెను లోపల పెట్టి, కొన్ని గంటలు సంచి మూసి ఉంచండి. తడి ఉప్పు చుట్టూ గాలి 75 శాతం తేమ వద్ద నిలుస్తుంది కాబట్టి అది రెండో గుర్తు. పొడి గాలిలో వెంట్రుక తేమ మార్పుకు మరింత స్పందిస్తుంది కనుక, 75కు దిగువ విలువల గీతలను ఇంకాస్త ఎడంగా గీయాలి.

మే నెలలో పడమటి గాలి ఆగి సముద్రపు గాలి మళ్లినప్పుడు ముల్లును గమనించండి; ఉక్కపోత మొదలయ్యే సమయం అందులో తెలుస్తుంది. బీచ్‌ వైపు బాల్కనీలో మాత్రం పెట్టకండి, ఎందుకంటే వెంట్రుకపై పేరుకున్న ఉప్పు తనంతట తానే తేమను పీల్చుకుంటుంది. అప్పుడప్పుడు వెంట్రుకను స్పిరిట్‌తో తుడిచి, ఉప్పు గిన్నెతో 75 గుర్తును మళ్లీ సరిచూసుకోండి.