మీ శాసనసభ నియోజకవర్గం ప్రాతినిధ్య చరిత్రను రాసుకోవడం ఎలా?

నియోజకవర్గ చరిత్ర రాయబూనినవారు సాధారణంగా గెలిచినవారి పేర్లను వరుసగా పేర్చి, పక్కన పార్టీ పేరు చేర్చి, పని ముగిసిందనుకుంటారు. నిజానికి పేర్ల కంటే ముందు హద్దులు తేల్చుకోవాలి. మంగళగిరినే తీసుకుందాం. 2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో వెలువడిన పునర్విభజన ఉత్తర్వు ప్రకారం మంగళగిరి, తాడేపల్లి, దుగ్గిరాల మండలాలు ఈ నియోజకవర్గంలో ఉన్నాయి. ఈ హద్దులతో తొలి ఎన్నిక 2009లో జరిగింది. కాబట్టి 2004 నాటి ఓట్లను 2009 నాటి ఓట్లతో నేరుగా పోల్చకండి. రెండింటి నడుమ ఒక గీత గీసి, రెండు పట్టికలుగా రాసుకోండి.

నియోజకవర్గాల వరుస సంఖ్యల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి 119 సంఖ్యలు తెలంగాణ స్థానాలవి కావడం వల్ల 2009, 2014 ఎన్నికల పత్రాల్లో మంగళగిరి 206వ స్థానం. రాష్ట్ర విభజన తరువాత అదే 87 అయింది. పాత పత్రాలను సంఖ్యతో వెతికితే వేరే ఊరి లెక్కలు చేతికొస్తాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26కు పెరిగినా శాసనసభ నియోజకవర్గాల హద్దులు మాత్రం మారలేదు.

తరువాత ఎన్నికల సంఘం గణాంక నివేదికల నుంచి విజేత, సమీప ప్రత్యర్థి, పోలైన ఓట్లు, ఆధిక్యం రాసుకోండి. మంగళగిరిలో 2014లో ఆళ్ల రామకృష్ణారెడ్డి గెలిచింది కేవలం 12 ఓట్లతో. 2019లో ఆయనే నారా లోకేశ్‌పై 5,337 ఓట్లతో నెగ్గగా, 2024లో లోకేశ్ 91,413 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పన్నెండు ఓట్ల ఫలితం పక్కన నోటాకు, స్వతంత్రులకు పడిన ఓట్లు కూడా రాయకపోతే ఆ అంకెకు అర్థమే ఉండదు. పార్టీ గడిలో ఎన్నికైన నాటి పార్టీనే రాయాలి. తరువాతి మార్పులకు తేదీతో సహా వేరే గడి పెట్టుకోవడం మంచిది.

ఏ ఊరు ఎటు మొగ్గిందో తెలుసుకోవాలంటే పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లు చూపే ఫారం 20 చూడాలి. దానిని రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో వెతకండి. కేంద్రాల సంఖ్యలు ఎన్నికకూ ఎన్నికకూ మారవచ్చు గనుక, ఊరి పేరును, బడి పేరును బట్టి సరిపోల్చుకోవడమే క్షేమం. ఇది ఓపిక పరీక్షించే పని. అభ్యర్థుల ఆస్తులు, కేసుల వివరాలకు ఫారం 26 ప్రమాణపత్రం ఉంది.

చివరగా, సభలో మీ సభ్యుడు అడిగిన ప్రశ్నలను లెక్కించదలిస్తే, ఆయన ఆ కాలంలో మంత్రిగా ఉన్నారేమో ముందు చూసుకోండి. మంత్రులు ప్రశ్నలకు జవాబు చెప్పేవారే తప్ప అడిగేవారు కారు గనుక, ఆ గడిలో సున్నా కనిపించడం సహజం.