ఇంటి గదిలో బార్‌బెల్ సాధన: పరికరాల ఎంపికకు ఒక క్రమం

ఇంట్లో బలసాధనకు పరికరాలు కొనదలచినవారు ముందుగా ఏయే వ్యాయామాలు చేస్తారో నిర్ణయించుకోవాలి. బరువును భుజాల మీద మోస్తూ గుంజీలా కూర్చుని లేచే స్క్వాట్, నేల మీది బరువును నిటారుగా ఎత్తే డెడ్‌లిఫ్ట్, బెంచీ మీద పడుకుని బరువును ఛాతీ నుంచి పైకి నెట్టే బెంచ్ ప్రెస్, నిలబడి బరువును తలపైకెత్తే ఓవర్‌హెడ్ ప్రెస్, నడుము వంచి లాగే రో, పై కమ్మీని పట్టుకుని ఒంటిని పైకి లాగే పుల్‌అప్ అనే ఆరింటితో ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ సరిపడినంత పని దొరుకుతుంది. వీటికి ఒక బార్, దాని చివరల తొడిగే కొన్ని ప్లేట్లు, బార్‌ను ఎత్తులో ఆన్చి ఉంచే ఒక ర్యాక్, ఒక బెంచీ, వాటి కింద గట్టి నేల ఉంటే చాలు. విజయనగరం జిల్లా కొండవెలగాడ వంటి పల్లెల నుంచి వెయిట్‌లిఫ్టర్లు ఎదిగివచ్చారు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఆ స్థాయి సాధనకు సైతం ఆధారం బారూ ప్లేట్లే. అందువల్ల తీగలూ కప్పీలూ నిండిన మల్టీజిమ్‌తో మొదలుపెట్టమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. అది గదిలో సగం ఆక్రమిస్తుంది, శరీరాన్ని తన దారిలోనే కదలనిస్తుంది, తీగ తెగినా కప్పీ అరిగినా సరిపోయే విడిభాగం కోసం వెతుక్కోవలసి వస్తుంది.

డబ్బును ఎలా పంచాలన్నదానికి నేను పాటించే నియమం ఒకటుంది. బరువు మన మెడకో ఛాతీకో పైన ఉన్న క్షణంలో ఏది వంగకూడదో, ఏది విరగకూడదో దానికి ఎక్కువ ఖర్చు పెట్టాలి. కేవలం బరువుగా ఉండడమే పనిగా ఉన్న వస్తువు దగ్గర పొదుపు చేయాలి. ఈ లెక్కన బార్, ర్యాక్, బెంచీ మొదటి కోవలోకి వస్తాయి, ప్లేట్లు రెండో కోవలోకి వస్తాయి. ఆచరణలో తరచుగా దీనికి తలకిందులుగా జరుగుతోంది: మెరిసే రబ్బరు ప్లేట్లకు డబ్బంతా పోసి, మిగిలినదానితో సన్నని గొట్టాలతో చేసిన స్టాండు కొంటున్నారు.

గది, నేల

పోటీల్లో వాడే ప్రామాణిక ఒలింపిక్ బార్ పొడవు 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల రెండున్నర అంగుళాలకు కాస్త ఎక్కువ. ప్లేటును ఎక్కించడానికి, తీయడానికి మనిషి బార్ చివర నిలబడాలి కాబట్టి రెండు వైపులా కనీసం అడుగున్నర చోటు ఉండాలి. పదడుగుల వెడల్పున్న గదిలో ఇది దాదాపు హద్దు మీద ఉంటుంది. ఒక వైపు అలమరా ఉంటే ఇక కుదరదు. అలాంటి గదుల కోసం ఆరడుగుల బార్‌లు దొరుకుతాయి. అయితే ప్రామాణిక బార్‌లో రెండు స్లీవ్‌ల, అంటే ప్లేట్లు ఎక్కే చివరి భాగాల, మధ్య దూరం 1.31 మీటర్లు ఉంటుంది, ర్యాక్‌లను ఆ కొలతకు అనుగుణంగానే తయారుచేస్తారు. పొట్టి బార్‌లో ఈ మధ్య భాగాన్నే తగ్గించి ఉంటే అది ర్యాక్ మీద కూర్చోదు. కనుక మధ్య భాగం తగ్గకుండా స్లీవ్‌లు మాత్రమే పొట్టిగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ సంగతిని చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి బార్‌ను తలపైకి పూర్తిగా ఎత్తినప్పుడు అది సుమారు ఏడడుగుల ఎత్తుకు చేరుతుంది; 450 మి.మీ. వ్యాసమున్న ప్లేటు అంచు దానికి మరో తొమ్మిది అంగుళాలు పైన ఉంటుంది. ఫ్యాన్ రెక్కలు సాధారణంగా ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో తిరుగుతాయి. ఒక్క తప్పటడుగుకు ఈ మాత్రం ఎడం చాలదు. అందువల్ల బార్‌లోని ఏ భాగమూ ఫ్యాన్ కిందికి రాకుండా సాధన చోటును గుర్తు పెట్టుకోవాలి, లేదా ఆ గదిలో గోడ ఫ్యాన్ పెట్టించుకోవాలి. ఏడడుగుల ర్యాక్ కొనేవారు పుల్‌అప్ చేసేటప్పుడు తల ఎక్కడిదాకా వెళ్తుందో కూడా కొలిచి చూసుకోవాలి.

పై అంతస్తులో ఉండేవారికి నేల భరిస్తుందా అన్న అనుమానం సహజమే. నివాస గదులను చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల భారానికి, అంటే సుమారు 200 కిలోలకు తగ్గకుండా రూపొందించాలని భారత ప్రమాణం ఐ.ఎస్. 875 చెబుతోంది. ఈ లెక్కతో కట్టిన పదడుగుల చదరపు గదిలో ర్యాక్, బార్, వంద కిలోల ప్లేట్లు, ఒక మనిషి కలిసినా మొత్తం భారం హద్దులోపలే ఉంటుంది. ప్లేట్లను నడిగదిలో గుట్టగా పేర్చకుండా దూలం ఉన్న గోడ పక్కన ఉంచడం మాత్రం మంచిది. అసలు చిక్కు బరువు ఉన్నచోట ఉండడంతో కాదు, దాన్ని పడేయడంతో వస్తుంది. పడిన బరువు దెబ్బ దాని అసలు బరువుకు ఎన్నో రెట్లుంటుంది, ఆ చప్పుడు కింది పోర్షన్‌వాళ్ల నడినెత్తిన మోగుతుంది. అందుచేత పై అంతస్తులో ఉన్నవారు బరువును నెమ్మదిగా దించే వ్యాయామాలనే చేయాలి. బయటికి పొడుచుకువచ్చిన బాల్కనీలో ర్యాక్ పెట్టకూడదు. చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చే మద్రాసు టెర్రస్ పద్ధతిలో కట్టిన పాత మేడలైతే ఇంజనీరు చూసి చెప్పేదాకా పైకి ఒక్క ప్లేటు కూడా ఎక్కించకూడదు.

విట్రిఫైడ్ టైల్స్ మీద నేరుగా బరువు పెట్టకూడదు. ఒక్కొక్క టైలును వేలి కణుపుతో తట్టి చూస్తే, కింద సిమెంటు సరిగా పట్టనిచోట డొల్ల శబ్దం వస్తుంది. మొదట పగిలేవి అవే. దీనికి వడ్రంగి చేత చేయించుకోగల మంచి ఉపాయం ఉంది. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో దొరుకుతుంది కాబట్టి, ఒలింపిక్ బార్ దాని పొడవులో చక్కగా ఇముడుతుంది. 18 మి.మీ. షీట్లు రెండింటిని ఒకదానిమీద ఒకటి వేసి మరలతో బిగించి, ప్లేట్లు ఆనే రెండు చివరలా 20 మి.మీ. గట్టి రబ్బరు మ్యాట్‌లు పరిస్తే మంచి వేదిక తయారవుతుంది. మధ్యలో పాదాలు ఉండేచోట చెక్క చెక్కగానే ఉండాలి. పిల్లల గదుల్లో వేసే రంగురంగుల నురుగు మ్యాట్ బరువు పడగానే నొక్కుకుపోతుంది. దానిమీద నిలబడి స్క్వాట్ చేస్తే చీలమండ నిలకడ తప్పుతుంది.

బార్

మన దుకాణాల్లో రెండు పద్ధతుల సామగ్రి అమ్ముతారు. ఇంటి సెట్టు పేరుతో వచ్చేది 28 నుంచి 30 మి.మీ. మందమున్న ఒకే ఇనుప రాడ్డు; దాని చివరలు తిరగవు, మర బిగింపుతోనో స్ప్రింగ్‌తోనో ప్లేట్లను ఆపుతారు. రెండోది ఒలింపిక్ పద్ధతి: చేయి పట్టేచోట 28 లేదా 29 మి.మీ. మందం, ప్లేట్లు ఎక్కేచోట 50 మి.మీ. వ్యాసమున్న తిరిగే స్లీవ్‌లు, మొత్తం బరువు 20 కిలోలు. ఒక పద్ధతి ప్లేట్లు మరో పద్ధతి బార్‌కు సరిపోవు కనుక ఈ నిర్ణయం మొదటి రోజే జరగాలి. బలం పెంచుకోవాలన్న పట్టుదల ఉన్నవారు ఒలింపిక్ పద్ధతినే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. రాడ్డుతో మొదలుపెట్టినవారు బరువు పెరిగేకొద్దీ దాన్ని మార్చక తప్పదు, అప్పుడు ప్లేట్లన్నీ మళ్లీ కొనవలసి వస్తుంది. చేయి చిన్నదైన స్త్రీలకు 15 కిలోల బరువు, 25 మి.మీ. మందం, 2.01 మీటర్ల పొడవున్న మహిళల బార్ ఎంతో అనువుగా ఉంటుంది. దాని స్లీవ్ కూడా 50 మి.మీ. వ్యాసమే కాబట్టి ఇంట్లో ఇద్దరు సాధన చేసినా ఒకే ప్లేట్ల సెట్టు సరిపోతుంది.

బార్‌ను వీలైనంతవరకు చేత్తో పట్టుకుని చూసిన తరువాతే కొనాలి. గరుకుగా చెక్కిన భాగం అరచేతికి పట్టు ఇవ్వాలే తప్ప తోలు చీరకూడదు. స్లీవ్‌ను తిప్పితే కీచుమనకుండా మెల్లగా తిరిగి ఆగాలి; ఒలింపిక్ పోటీల తరహా వెయిట్‌లిఫ్టింగ్ చేయనివారికి స్లీవ్ లోపల బేరింగ్‌లు అవసరం లేదు, మంచి బుష్‌లు, అంటే నున్నని లోహపు తొడుగులు, చాలు. ఖాళీ బార్‌ను ర్యాక్ మీద పెట్టి మధ్యలో పట్టుకుని తిప్పినప్పుడు చివరలు గిరగిరా ఊగుతూ కనిపిస్తే అది వంగినదని అర్థం, అలాంటిది ఎంత చవకగా వచ్చినా వదిలేయాలి. ఇన్ని వందల కిలోలు మోస్తుందని అంటించిన చీటీని ఆధారంగా తీసుకోకూడదు. ఉక్కు తన్యబలం, అంటే లాగుడుకు తెగకుండా నిలిచే బలం, ఎంతో, బార్ వంగితే వారంటీ వర్తిస్తుందో లేదో అడిగితే, అమ్మేవారికి తమ సరుకు గురించి ఎంత తెలుసో బయటపడుతుంది.

పూత విషయంలో ఊరిని బట్టి ఆలోచించాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఉప్పుగాలికి పూతలేని ఉక్కూ నల్ల ఆక్సైడ్ పూతా త్వరగా తుప్పు పడతాయి. అక్కడ హార్డ్ క్రోమ్ గాని, స్థోమత ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు గాని తీసుకోవాలి. ఏ పూతైనా సాధన ముగిశాక చెమట తుడిచి, అప్పుడప్పుడు నైలాన్ బ్రష్‌తో గాట్లలో చేరిన, పట్టు కోసం చేతికి రాసుకునే సుద్దపొడి దులిపి, కుట్టుమిషను నూనె పలచగా రాసి తుడవడం అలవాటు చేసుకోవాలి.

ప్లేట్లు

ఇరవై కిలోల ఇనుము ఏ ధరకు కొన్నా ఇరవై కిలోలే. కిలోల లెక్కన అమ్మే సాదా పోత ఇనుప ప్లేట్లు ఇంటికి చాలు. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి మాత్రం వద్దు. అవి లావుగా ఉండి స్లీవ్ మీద చోటు తినేస్తాయి, పగిలితే ఇల్లంతా సిమెంటు పొడి రాలుతుంది. పోత ప్లేట్ల మీద ముద్రించిన అంకెకూ అసలు బరువుకూ కొంత తేడా ఉండడం మామూలే కాబట్టి, పాత ఇనుము కొనేవారి కాటా మీదనైనా సరే ఒకసారి తూచి, బరువు కలిసే జతలుగా ఏర్పరచుకుని, అసలు బరువును పెయింటుతో రాసుకోవాలి.

ఎన్ని కొనాలన్నది చాలామందికి తేలని ప్రశ్న. 20, 10, 5, 2.5, 1.25 కిలోలలో ఒక్కొక్క జత కొంటే మొత్తం 77.5 కిలోలవుతుంది, 20 కిలోల బార్‌తో కలిపి 20 నుంచి 97.5 కిలోల వరకు ప్రతి 2.5 కిలోల మెట్టునూ ఈ ఐదు జతలతోనే అమర్చుకోవచ్చు. కొత్తవారికి చాలా నెలలపాటు ఇంతకన్నా అక్కరలేదు, ఆ తరువాత మరో 20 కిలోల జత చేరిస్తే 137.5 దాకా వెళ్లవచ్చు. ఖర్చు తగ్గించుకోవడానికి 1.25 కిలోల జతను వదిలేయడం తప్పు. ఓవర్‌హెడ్ ప్రెస్ వంటి వ్యాయామంలో ఒకేసారి ఐదు కిలోలు పెంచడం చాలామందికి సాధ్యం కాదు, ఆ చిన్న ప్లేట్లే ముందుకు నడిపిస్తాయి. ఇంకొక విషయం: 450 మి.మీ. వ్యాసమున్న ప్లేట్లతో బార్ నేల నుంచి 225 మి.మీ. ఎత్తులో ఉంటుంది, డెడ్‌లిఫ్ట్ నేర్చుకోవలసింది ఆ ఎత్తు నుంచే. చిన్న వ్యాసమున్న ప్లేట్లతో చేసేటప్పుడు వాటి కింద చెక్కదిమ్మలు పెట్టి బార్‌ను ఆ ఎత్తుకు తీసుకురావాలి.

ర్యాక్, బెంచీ

ఒంటరిగా సాధన చేసేవారికి, లేవని బార్‌ను మధ్యలో ఆపే ర్యాక్‌లోని అడ్డకమ్మీలు ప్రాణరక్షణ. బెంచ్ ప్రెస్‌లో లేవని బరువు మెడ మీదికి జారి మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. ఇంట్లో పక్కన నిలబడి అందుకునేవారు ఉండరు. అందువల్ల రెండు విడి కాళ్లుగా వచ్చే, అడ్డకమ్మీలు లేని స్క్వాట్ స్టాండును నేను పరికరాల కింద లెక్కకట్టను. నాలుగు స్తంభాల పవర్ ర్యాక్ మేలు. చోటు చాలకపోతే ముందుకు పొడుచుకువచ్చే బలమైన అడ్డకమ్మీలున్న హాఫ్ ర్యాక్ తీసుకోవచ్చు. స్తంభాల గొట్టం మందం 2 మి.మీ.కు తగ్గకూడదు, 3 మి.మీ. ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. గొట్టం చివర తెరిచి ఉన్నచోట మందం కొలిచే వెర్నియర్‌తో కొలవనివ్వమని అడగడంలో మొహమాటం అనవసరం. బెంచ్ ఎత్తు దగ్గర అడ్డకమ్మీలు అమర్చే రంధ్రాల మధ్య ఎడం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వెన్ను ఎత్తి ఛాతీ పొంగించినప్పుడు బార్ ఛాతీని తాకాలి, వెన్ను బెంచీకి ఆనించి పడుకున్నప్పుడు మెడకన్నా పైనే అడ్డకమ్మీ మీద ఆగాలి. ఆ ఎత్తు దొరకడం రంధ్రాల మీదే ఆధారపడుతుంది. ర్యాక్ లేకుండా బెంచ్ ప్రెస్ చేయక తప్పనివారు కనీసం ప్లేట్లకు లాక్ వేయకూడదు, చిక్కుకుంటే ఒక పక్కకు వంచి జార్చేయవచ్చు.

బెంచీ విషయం చిన్నదే. పవర్‌లిఫ్టింగ్ నియమాల్లో ఉన్న 42 నుంచి 45 సెం.మీ. ఎత్తు, 29 నుంచి 32 సెం.మీ. వెడల్పు ఇంటికీ సరైన కొలతలే. దానిమీద పడుకుని ఒళ్లు అటూ ఇటూ కదిపినప్పుడు ఊగితే తీసుకోకూడదు.

ఇంత చోటు లేని అద్దె ఇళ్లలో ఉండేవారు ఒక బెంచీ, సర్దుబాటు చేసుకోగల డంబెల్‌ల జతతో మంచి సాధన చేయవచ్చు. డయల్ తిప్పితే బరువు మారే రకం చోటు ఆదా చేస్తుంది కానీ పడేస్తే లోపలి యంత్రాంగం పాడవుతుంది. మర బిగించే పాతరకం నిదానమైనా ఎక్కువ కాలం మన్నుతుంది.

వాడినవి కొనేవారికి మూతపడిన జిమ్‌ల సరుకు మంచి అవకాశం. ప్లేట్లను నిస్సంకోచంగా కొనవచ్చు, తుప్పును తీగ బ్రష్‌తో రుద్ది రంగు వేస్తే సరిపోతుంది. ర్యాక్ అయితే వెల్డింగ్ అతుకుల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. వాడిన బార్‌ను ముందు చెప్పిన పరీక్షకు నిలబడితేనే తీసుకోవాలి.

అన్నీ ఇంటికి చేరి బిగించాక, మనిషి దాని కిందికి వెళ్లకముందే ఒక పరీక్ష చేయాలి. అడ్డకమ్మీలను బార్‌కు ఒక అంగుళం కిందుగా అమర్చి, వాడబోయే బరువు ఎక్కించి, బార్‌ను వాటిమీదికి మెల్లగా దించి, స్తంభాలు ఒరుగుతున్నాయా, అడ్డకమ్మీల పిన్నులు జరుగుతున్నాయా, వేదిక కదులుతోందా అని నాలుగు వైపుల నుంచి చూడాలి. మొదటి వారం ముగిశాక నట్లన్నీ మళ్లీ ఒకసారి స్పానర్‌తో బిగించాలి, ఆ తరువాత నెలకొకసారి అదే పని చేయాలి.