తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్: నోటిని కాపాడుకునే పద్ధతి

మొదటి సిట్టింగుకు ముందే పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువగా వాయిదా పడేదీ, వాయిదా పడితే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుంది. తర్వాతెప్పుడో అక్కడి పన్ను పీకితే గాయం మానక ఎముక చచ్చిపోవచ్చు. 60 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత) పైన డోసు పడ్డ కింది దవడకు ఈ ముప్పు మరీ ఎక్కువ, ఏళ్లు గడిచినా పోదు. అందుకే నిలవని పళ్లను ముందే తీయించి, గాయం మానడానికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి.

ఇక రోజూ పుక్కిలించడం. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచా ఉప్పు, టీ చెంచా వంట సోడా కలపండి. బేకింగ్ పౌడర్ వద్దు, అందులో ఆమ్లం కలిసి ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ, అర నిమిషం నోట్లో తిప్పి ఉమ్మేయాలి. మింగకూడదు. తీగలు సాగే చిక్కటి ఉమ్మి దీనితో వదులవుతుంది, నోట్లో ఆమ్లం విరుగుతుంది. మంట పుడితే ఇంకాస్త నీళ్లు కలపండి. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. ఆల్కహాలున్న మౌత్‌వాష్ అసలొద్దు, ఎండిన నోటిని ఇంకా ఎండబెడుతుంది.

బ్రష్ బాగా మెత్తనిది కావాలి. వాడేముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ముంచితే కుచ్చు ఇంకా మెత్తబడుతుంది. పుదీనా ఘాటున్న పేస్టు మండితే ఘాటు లేని ఫ్లోరైడ్ పేస్టుకు మారండి, ఫ్లోరైడ్‌ను మాత్రం మానకండి. లాలాజలం తగ్గితే చిగురు అంచునే పళ్లు గుల్లబారతాయి. డాక్టరు పళ్లకు తొడిగే ట్రే ఇచ్చి ఉంటే రాత్రి బ్రష్ చేశాక అందులో పలుచగా ఫ్లోరైడ్ జెల్ పూసి, పళ్లకు తొడిగి 5 నిమిషాలు ఉంచి, ఉమ్మేయండి. తర్వాత అరగంట ఏమీ తినొద్దు, తాగొద్దు, పుక్కిలించొద్దు. నోరు ఎండుతోందని పుల్లటి బిళ్లలు చప్పరించడం పళ్లకు చేటు.

నోటి పూత సాధారణంగా రెండో మూడో వారంలో మొదలవుతుంది, సిట్టింగులు ముగిశాక కూడా కొన్ని వారాలుంటుంది. నొప్పి తెలియకుండా నోటిని మొద్దుబార్చే మందు వాడాక వేడివి తింటే కాలినా తెలియదు, బుగ్గ కొరుక్కున్నా తెలియదు. కట్టుడు పళ్లు ఒరుసుకుంటే తీసి పక్కన పెట్టండి. గీకితే ఊడే తెల్లటి మచ్చలు ఫంగస్ కావచ్చు. అలాంటప్పుడు నోటికి మందు వేసి కట్టుడు పళ్లను శుభ్రం చేయకపోతే మళ్లీ వస్తుంది.

దవడ బిగుసుకోవడం నొప్పి లేకుండానే మొదలవుతుంది. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా అని రోజూ చూసుకోండి. మొదటి రోజు నుంచే, బిగువు తెలిసేదాకా నోరు తెరిచి కొన్ని సెకన్లు ఆపడం రోజుకు చాలాసార్లు చేయాలి. సిట్టింగులు అయ్యాక మానేస్తే మళ్లీ బిగుస్తుంది.

38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఆగని రక్తం, నీళ్లు కూడా మింగలేకపోవడం... వీటిలో ఏది కనిపించినా తర్వాతి సిట్టింగు దాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయండి.