సెక్షన్ అధికారులకు మనసు పాఠాలు – 4: ‘టెన్షన్’ అనే గోనెసంచి

గత పాఠంలో తప్పు కొంత నాదే. ‘నోరు తెరిచే ముందు భావోద్వేగానికి పేరు పెట్టండి’ అని రాశాను, ఎవరి భావోద్వేగానికో రాయలేదు. దాంతో చాలామంది తిన్నగా కింది ఉద్యోగుల దగ్గరికి వెళ్లి పేర్లు పెట్టేశారు. బిల్లింగ్ విభాగం అధికారి ఒకరు నలుగురి ముందు తన గుమాస్తాతో ‘‘మీకు అసూయగా ఉన్నట్టుంది’’ అన్నారట. ఆ గుమాస్తా మూడు రోజులు సెలవు పెట్టారు. నేనైతే వారం పెట్టేవాణ్ణి.

పేరు పెట్టవలసింది మీ లోపల ఉన్నదానికి, అదీ మీలో మీరే. ఎదుటివారి విషయంలో మీ దగ్గరున్నది ఊహ మాత్రమే. దాన్ని బయటపెట్టకుండా పని గురించి అడగండి: ‘‘ఈ ఫైలు ఎక్కడ ఆగింది? నేను చేయవలసింది ఏమైనా ఉందా?’’ మిగతాది చెప్పాలనిపిస్తే వారే చెబుతారు.

గొంతు పెంచకూడదు, నలుగురిలో మందలించకూడదు, చెప్పేది పూర్తిగా వినాలి. ఇవన్నీ మీకు తెలుసు, వదిలేస్తున్నాను.

నన్ను విసిగించింది మరొకటి. మీరు పంపిన అభ్యాసాలన్నీ చదివాను. ‘సోమవారం: టెన్షన్. మంగళవారం: టెన్షన్. బుధవారం: బాగా టెన్షన్.’ ఇలా రాయడమంటే దొరికిందల్లా ఒకే గోనెసంచిలో కుక్కి మూతి కట్టేయడమే. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భావోద్వేగ ప్రజ్ఞను నిర్వచించినప్పుడు మన భావాలనూ ఇతరుల భావాలనూ గమనించడంతో ఆగలేదు. వాటి మధ్య తేడా పట్టడం, ఆ తెలివిడితో ఆలోచననూ పనినీ నడుపుకోవడం కూడా అందులో చేర్చారు. మనం ఎగ్గొట్టేది ఆ మధ్య మెట్టునే.

తేడా ఎందుకంటారా? ఒక్కోదానికి ఒక్కో మందు కాబట్టి. నేను బ్యాంకులో పనిచేసే రోజుల్లో ఒక సాయంత్రం క్యాష్ లెక్కలో రెండు వేలు తగ్గాయి. కౌంటరులో ఉన్నది కొత్తగా చేరిన అమ్మాయి. అరిచాను. కోపం వచ్చింది కాబట్టి అరిచానని అనుకున్నాను. రాత్రి భోజనం దగ్గర తట్టింది: మధ్యాహ్నం పై ఆఫీసువారు ఫోనులో నన్ను చిన్నబుచ్చితే, తిరిగి ఒక్క మాట అనలేకపోయాను. నాది కోపం కాదు, ఉక్రోషం. కోపానికి కారణం ఎదురుగా ఉంటుంది, దానితో తేల్చుకోవచ్చు. ఉక్రోషానికి కారణం ఫోనుకు అవతలి వైపు ఉంటుంది. బదులు చెప్పలేని చోట పుట్టి, మనకు బదులు చెప్పలేని మనిషి మీద పడుతుంది. ఎంత అరిచినా తీరదు, ఎందుకంటే అరవవలసిన మనిషి అక్కడ లేడు. రెండు వేలు మర్నాడు పొద్దున వేరే కట్టలో దొరికాయి. ఆ అమ్మాయి మాత్రం ఆ తర్వాత లెక్క తేడా వస్తే నా దగ్గరికి రాకుండా, పక్క కౌంటరులో అడిగేది.

చిరాకు చాలాసార్లు ఆకలే, టిఫిన్‌తో పోతుంది. రోషం పనితనాన్ని తక్కువ చేసినప్పుడు వస్తుంది. అలక మన దగ్గర ఆదరం ఆశించినవారికే వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఉన్న సీనియర్ అసిస్టెంట్ మాటలు తగ్గించేస్తే అది అవిధేయత కాకపోవచ్చు. మెమో ఇచ్చారో, ఇక మాటలు పూర్తిగా ఆగిపోతాయి. ‘నాకు తెలియదు’ అని జూనియర్ల ముందు ఒప్పుకోలేకపోవడం నామోషీ. మనం కచ్చితత్వమని చెప్పుకునేదాంట్లో దాని వాటా ఎక్కువే. బెంగ, గుబులు, అక్కసు మీరే తేల్చుకోండి.

మాటకు అంత బలముందా అని కొందరు అడిగారు. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, భావం కనిపించే ముఖాల ఫొటోలు చూస్తూ ఆ భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు మెదడులో భయం లాంటి భావాలకు చురుగ్గా స్పందించే అమిగ్డాలా అనే భాగం స్పందన తగ్గింది. ఆ ముఖాలకు తగిన ఆడపేరో మగపేరో ఎంచుకున్నప్పుడు అంతగా తగ్గలేదు.

అభ్యాసం: ఏడు పనిదినాలు. గొంతు పెరిగిన ప్రతిసారీ, బిగుసుకుని మౌనంగా ఉండిపోయిన ప్రతిసారీ, పది నిమిషాల్లోపు మూడు ముక్కలు రాయండి: ఏ భావం, దానికి కారణమైన మనిషి ఎవరు, అది పడింది ఎవరి మీద. ‘టెన్షన్’ నిషేధం. ‘కోపం’ రోజుకు ఒక్కసారే. ఫోనులో వద్దు, తెరవగానే మరో చిరాకు కనబడుతుంది. నేనైతే పాత క్యాలెండర్ కాగితాల వెనక రాస్తాను. ఎనిమిదో రోజున రెండో, మూడో ముక్కల్లో పేర్లు కలవని చోట్ల గీత గీయండి. గీత పడిన వారిలో ఒకరి దగ్గరికి మీరే నడిచి వెళ్లి, ‘‘ఆ రోజు నా ఉక్రోషం మీ మీద చూపించాను’’ అనండి. తర్వాత ‘కానీ’ అనకండి.