రిలీజ్ నోట్స్‌ని కింది నుంచి పైకి చదవడం: కొత్త టూల్స్ నేర్చుకుందాం, పాఠం 3

పోయిన పాఠంలో మీకో పని ఇచ్చాను. రోజూ వాడే టూల్స్ ఏవో ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా మీ మెషిన్‌లో ఉన్న వెర్షన్ నంబరు, అది ఎన్నాళ్ళకోసారి కొత్తది వస్తుందో రాయమన్నాను. చేసినవాళ్ళకి ఈపాటికి కాస్త కళ్ళు తిరిగి ఉంటాయి. పైథాన్ ఏడాదికోసారి, అక్టోబరులో. గో ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో. జావా కూడా ఆరు నెలలకోసారే, మార్చిలో, సెప్టెంబరులో. రస్ట్ అయితే ఆరు వారాలకోసారి. వీటికి తోడు మీ ఎడిటర్, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్, ఫ్రేమ్‌వర్క్, ఆ ఫ్రేమ్‌వర్క్ కింద మీకు పేరు కూడా తెలియని బోలెడు లైబ్రరీలు. వచ్చిన ప్రతిదాన్నీ మొదటినుంచి చివరిదాకా చదువుతూ కూర్చుంటే ఇక కోడ్ రాసేదెప్పుడు?

ఆ పని చేయనివాళ్ళు కంగారు పడక్కర్లేదు, ఈ పాఠానికి ఒక్క టూల్ చాలు. నేను పైథాన్ తీసుకుంటున్నాను, మీరు మీకు ఇష్టమైనది తీసుకోండి. అన్నట్టు, కమాండ్లు, పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టండి.

కొత్త వెర్షన్ రాగానే మనం చేసేదేంటి? ఏమేం మారిందో చెప్పే రిలీజ్ నోట్స్ తెరుస్తాం, పైన ముఖ్యమైన కొత్త ఫీచర్లు కనబడతాయి, రెండో మూడో చదివి "అబ్బో, భలే ఉందే" అనుకుని మూసేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అంతే. కానీ ఆ పైభాగం మనల్ని ఊరించడానికి రాసింది. కొత్త ఫీచర్ వాడకపోతే మీకు పోయేదేం లేదు, ఇవాళ కాకపోతే వచ్చే ఏడాది వాడతారు. తీసేసిన ఫీచర్ సంగతి అలా కాదు, అది మీరు చదివినా చదవకపోయినా మీ కోడ్‌ని వెతుక్కుంటూ వస్తుంది. కాబట్టి వరస తిప్పండి. ముందు తీసేసినవి, ప్రవర్తన మారినవి, ఆ తర్వాత "ఇంకొన్నాళ్ళలో తీసేస్తాం" అని చెప్పినవి, అంటే డెప్రికేట్ చేసినవి. కొత్తవి ఆఖరున.

ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు. పాత ఉద్యోగంలో మా చిన్న సర్వీసు ఒకటి పైథాన్ 3.9 మీద నడిచేది. 2021 అక్టోబరులో 3.10 వచ్చింది, అందులో మ్యాచ్ స్టేట్‌మెంట్ (ఒక విలువని వరసగా కొన్ని కేసులతో సరిచూసే కొత్త పద్ధతి) చూసి మనసు పారేసుకున్నాను. అప్‌గ్రేడ్ చేశాను, టెస్టులన్నీ పాసయ్యాయి, సర్వర్ మీద పెట్టాను, సర్వీసు అసలు లేవనే లేదు. ఎర్రర్ ఏమంటోందంటే, కలెక్షన్స్ అనే మాడ్యూల్‌లో మ్యాపింగ్ అనే పేరు లేదట. నేను ఆ పేరు జన్మలో వాడలేదు! కోడ్ అంతా గాలించినా ఎక్కడా కనబడదు. చివరికి చూస్తే రిపోర్టులు తయారు చేయడానికి ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసుకున్న ఒక పాత లైబ్రరీ లోపల ఉంది. టెస్టుల్లో ఆ భాగానికి డమ్మీ పెట్టుకున్నాం కాబట్టి అక్కడ పట్టుబడలేదు. ఆ సాయంత్రమంతా టెన్షన్, పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళడం, అందరికీ సంజాయిషీలు.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, ఆ పేరు 2012లో వచ్చిన 3.3లోనే కలెక్షన్స్ డాట్ ఏబీసీ అనే కొత్త చోటికి మారిపోయింది. పాత కోడ్ ఆగిపోకూడదని పాత చోట కూడా అలాగే ఉంచారు. 2018లో వచ్చిన 3.7 నుంచి పాత చోటుని వాడితే వార్నింగ్ ఇస్తూ వచ్చారు. చివరికి 3.10లో తీసేశారు. తొమ్మిదేళ్ళు! 3.10 నోట్స్‌లో తీసేసినవాటి కింద ఆ సంగతి రాసే ఉంది, నేనే అంత కిందికి దిగలేదు.

సరే, ఇప్పుడు మీరు చేయండి. పైథాన్‌కి ప్రతి వెర్షన్‌తోపాటు వాట్స్ న్యూ అనే డాక్యుమెంట్ వస్తుంది. 3.10ది తెరిచి, నేరుగా కిందికి వెళ్ళి పోర్టింగ్ అనే భాగం పట్టుకోండి. మీ కోడ్ మార్చుకోవాల్సి రావచ్చు అనుకున్నవి వాళ్ళే అక్కడ ఒక చోట పోగేసి పెడతారు. అది చదివాక దానికి పైనున్న రిమూవ్డ్ భాగం. ఒక్కో అంశం దగ్గర ఒకటే ప్రశ్న, ఈ పేరు నా దగ్గర ఎక్కడైనా ఉందా? చాలావాటికి లేదనే జవాబు వస్తుంది, రెండు సెకన్లలో దాటేయొచ్చు. సీ ఏపీఐ అని కనబడితే, మీరు సీలో ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్ళు కాకపోతే, కళ్ళు మూసుకుని వదిలేయండి.

అనుమానం వచ్చిన పేరుని వెతికేటప్పుడు మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో మాత్రమే వెతికితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలన్నీ సైట్ ప్యాకేజెస్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, గ్రెప్‌ని (ఫైళ్ళలో పదాన్ని వెతికే కమాండ్) అక్కడ కూడా తిప్పండి. కోడ్ ఎడిటర్లు ఆ ఫోల్డర్‌ని సెర్చ్‌లో కలపకుండా వదిలేయడం మామూలే, కాబట్టి ఎడిటర్ ఏమీ లేదంటే నమ్మేయకండి. మీరు రాసిన కోడ్ కంటే మీరు తెచ్చిపెట్టుకున్న కోడే ఎక్కువ, విరిగేది కూడా ఎక్కువగా అక్కడే.

తర్వాత డెప్రికేట్ చేసినవి. వీటిని చదవడం కంటే పైథాన్ చేతే చెప్పించుకోవడం తేలిక. చిక్కేంటంటే డెప్రికేషన్ వార్నింగులని పైథాన్ మామూలుగా దాచేస్తుంది, మీరు నేరుగా నడిపిన ఫైల్‌లో ఉన్నవాటినే చూపిస్తుంది, లైబ్రరీల్లోవి చూపించదు. పైథాన్‌ని నడిపేటప్పుడు హైఫన్, పెద్ద డబ్ల్యూ పెట్టి పక్కన డిఫాల్ట్ అని రాస్తే అన్నీ బయటికి కక్కుతుంది. డిఫాల్ట్ బదులు ఎర్రర్ అని రాస్తే మొదటి వార్నింగ్ దగ్గరే ఆగిపోతుంది. మొదటిసారే ఎర్రర్ పెట్టకండి, పాత ప్రాజెక్టుల్లో ఒక్క అడుగు కూడా ముందుకు పడదు, విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు. పైటెస్ట్ (పైథాన్‌లో టెస్టులు నడిపే టూల్) వాడేవాళ్ళకి ఇది ఇంకా సుఖం, టెస్టులన్నీ అయ్యాక చివర్లో పసుపురంగులో వార్నింగుల జాబితా దానంతటదే వస్తుంది. ఎన్నాళ్ళుగానో వస్తూనే ఉంది కూడా, మనం కింద పాస్ అయిన అంకె చూసుకుని వెళ్ళిపోతాం, అంతే.

వెర్షన్ నంబర్ల గురించి రెండు ముక్కలు. మూడు అంకెల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, సెమాంటిక్ వెర్షనింగ్ అంటారు: మొదటి అంకె మారితే పాత కోడ్ విరగొచ్చు, రెండోది మారితే కొత్తవి చేరాయి, మూడోది మారితే తప్పులు దిద్దారు. మొదటి అంకె సున్నా అయితే ఏ హామీ లేదు, ఎప్పుడేం మారినా అడగడానికి లేదు. ఇదంతా బాగానే ఉంది కానీ అందరూ ఈ పద్ధతి పాటించరు. పైథాన్ పాటించదు. 3.9 నుంచి 3.10 అంటే చూడడానికి చిన్న అడుగులాగే ఉంటుంది, అందులో ఏమేం పోయాయో పైన చూశాం. కాబట్టి అంకె చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఇంకో తమాషా, యామల్ ఫైల్‌లో (సెట్టింగులు రాసుకునే ఒక రకం ఫైల్) 3.10 అని కొటేషన్లు లేకుండా రాస్తే అది దశాంశ సంఖ్య అనుకుని 3.1 చేసేస్తుంది. 3.10 వచ్చిన కొత్తలో బిల్డ్ సెట్టింగుల్లో చాలామంది దీనికి దొరికిపోయారు. వెర్షన్లని ఎప్పుడూ కొటేషన్లలోనే పెట్టండి.

ఇక ఆఖరుకి, మనసు పారేసుకున్న ఆ కొత్త ఫీచర్. దీనికోసం ఒక చిత్తు ఫోల్డర్ పెట్టుకోండి, చిన్నప్పటి చిత్తు పుస్తకం లాంటిది. ఒక ఫీచర్‌కి ఒక ఫైల్, పది పదిహేను లైన్లు మించకూడదు. పాత పద్ధతిలో ఒకసారి రాయండి, కొత్త పద్ధతిలో ఒకసారి రాయండి, తర్వాత కావాలని చెడగొట్టండి. చివరిదే అసలు పని, నేర్చుకునేదంతా అక్కడే ఉంది.

మ్యాచ్ స్టేట్‌మెంట్‌నే చూద్దాం. స్థితి అనే వేరియబుల్‌లో 404 ఉంది, దొరకలేదు అనే ఇంకో వేరియబుల్‌లో కూడా 404 పెట్టుకున్నాం అనుకోండి. మ్యాచ్ స్థితి అని రాసి, కింద కేస్ దొరకలేదు అని రాస్తే పని చేసినట్టే కనబడుతుంది. ఇప్పుడు స్థితిని 200 చేయండి. అప్పుడు కూడా అదే కేస్ లోపలికి వెళ్తుంది! ఎందుకంటే కేస్ పక్కన ఒట్టి పేరు కనబడితే పైథాన్ విలువల్ని పోల్చదు, వచ్చిన విలువని తీసుకెళ్ళి ఆ పేరులో పెట్టేస్తుంది. ఇప్పుడు దొరకలేదు విలువని ప్రింట్ చేసి చూడండి, 200 వస్తుంది, మీ 404 మాయం. దాని కింద ఇంకో కేస్ రాసి చూడండి, ఈసారి సింటాక్స్ ఎర్రరే ఇస్తుంది, ఈ పేరు అన్నిటినీ పట్టేసుకుంటోంది, కిందవాటికి ఎప్పటికీ వంతు రాదు అని. ఒకే కేస్ ఉన్నా, అది చివర్లో ఉన్నా మాత్రం నోరెత్తదు. పేరుని ఏదైనా క్లాస్‌లోనో, పేర్లు పెట్టిన విలువల గుంపు అయిన ఈనమ్‌లోనో పెట్టి చుక్కతో పిలిస్తే అప్పుడు పోలుస్తుంది. ఈ సంగతి డాక్యుమెంట్‌లో చదివితే నాకు ఎక్కలేదు, 200 కళ్ళారా చూశాక ఇక మర్చిపోలేదు.

కొత్తది నేర్చుకోవడానికి ఎంచుకునే కోర్సు, వీడియో, పుస్తకం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే వాటిని తూకం వేయడానికి కూడా ఈ నోట్స్ పనికొస్తాయి. చాలామంది ట్యుటోరియల్‌కి తేదీ చూస్తారు. తేదీ కంటే వెర్షన్ చూడాలి, అది రాసి లేకపోతే లోపల వాడిన పద్ధతి చూసి పోల్చుకోవాలి. గిట్‌లో బ్రాంచ్ మారడానికీ, ఫైల్‌ని పాత స్థితికి తేవడానికీ రెండిటికీ చెకౌట్ అనే ఒకే కమాండ్ ఉండేది, కొత్తవాళ్ళు పొరపాటున రాసుకున్నదంతా పోగొట్టుకునేవాళ్ళు. 2019 ఆగస్టులో వచ్చిన 2.23లో దాన్ని విడదీసి స్విచ్, రీస్టోర్ అని రెండు ఇచ్చారు. ఇవాళ్టికీ మొదటి పాఠంలో చెకౌట్ మాత్రమే నేర్పేవాళ్ళున్నారు. అది తప్పు కాదు, చెకౌట్ ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ అలాంటి పాఠంలో మిగతావి కూడా ఆ కాలంవే అయ్యుంటాయని పసిగట్టొచ్చు.

గో సంగతి ఇంకా చిత్రం. ఫర్ లూప్ వేరియబుల్ మొత్తం లూప్‌కి ఒకటే ఉండేది, దాన్ని లోపలున్న ఫంక్షన్లలో వాడితే అన్నిటికీ చివరి విలువే కనబడేది. అందుకని లూప్ లోపల మొదటి లైన్‌లోనే దానికో కాపీ చేసుకోమని ప్రతి ట్యుటోరియల్ చెప్పేది. 2024 ఫిబ్రవరిలో 1.22 వచ్చాక ప్రతి చుట్టుకీ కొత్త వేరియబుల్ పుడుతోంది, ఆ కాపీ లైన్ దండగ. అయితే ఈ మార్పు మీ దగ్గరున్న కంపైలర్ కొత్తదైనంత మాత్రాన రాదు, ప్రాజెక్టు వివరాలుండే గో మాడ్ ఫైల్‌లో మీరు రాసిన గో వెర్షన్ 1.22 గానీ అంతకంటే పైది గానీ అయితేనే వస్తుంది. కొత్త కంపైలర్ వేసుకుని, ఫైల్‌లో పాత అంకె అలాగే వదిలేసి, "ఇదేంటి, మారిందన్నారే" అని తల గోక్కునేవాళ్ళలో మీరు ఉండకండి.

ఇక మీ పని. మీ కాగితంలోంచి ఒక్క టూల్ తీసుకోండి, మీరు వాడుతున్న దానికంటే ఒక్క మెట్టు పైనున్న వెర్షన్ నోట్స్ తెరవండి, మరీ కొత్తదానికి దూకకండి. అరగంట పెట్టుకోండి. చిత్తు ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టి టూల్ పేరు, వెర్షన్, ఇవాళ్టి తేదీ రాసి, కింద మూడే లైన్లు రాయండి: తీసేసినవాటిలో నాకు తగిలేవి, తీసేయబోతున్నవాటిలో నాకు తగిలేవి, కొత్తవాటిలో నేను చెడగొట్టి చూసినది. మొదటి రెండిటిలో ఏమీ తేలకపోతే "వెతికాను, ఏమీ లేదు" అని రాయండి. ఖాళీగా వదిలేస్తే, రేపు అప్‌గ్రేడ్ చేసేరోజున అది వెతికితే దొరకనిదో, అసలు వెతకనిదో మీకే తెలియదు.

పాఠం 4లో ఈ ఫైల్‌తోనే మొదలుపెడతాం, దగ్గర పెట్టుకోండి.